వికేంద్రీకరణ అంటే ఏది? ఉత్తరాంధ్రకు ఆఫీసు రావడం, అధికారం రావడం

మా ఊరి చెరువు మదుం (నీళ్లు వదిలే తూము) తలుపు తుప్పు పట్టి సగానికి విరిగిపోయింది. నీళ్లన్నీ గెడ్డలోకి పోతుంటే రైతులే తలా రెండు బస్తాల ఇసుక మోసి, తాటి దుంగలు దిగ్గొట్టి, సందుల్లో ఎండుగడ్డి కూరి ఆపారు. పంచాయతీ తీర్మానం చేసింది. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) వచ్చి టేపు పెట్టి కొలిచి, ఎస్టిమేట్ రాసుకుని వెళ్లారు. ఆ కాగితం ఆయన పై ఇంజనీరు డీఈ దగ్గరికి, అక్కడి నుంచి ఇంకా పై ఇంజనీరు ఈఈ దగ్గరికి, ఆ పైకి వెళ్లింది. నిధులు లేవని ఒకసారి తిరిగొచ్చింది. కొత్త రేట్లతో మళ్లీ వేయమని ఇంకోసారి తిరిగొచ్చింది. రెండు ఖరీఫ్‌లు ఇసుక బస్తాల మీదే గడిచాయి. ఆ చెరువు కింద ఎకరంన్నర సాగు చేసే ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగాడు: "ఈ పని ఎవుల సేతిలో ఉందో అది సెప్పండి బాబూ. ఆలకాడికే ఎల్తాం. ఇంతమంది సుట్టూ ఏటి తిరుగుతాం?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఉత్తరాంధ్ర హక్కుల పేరుతో అప్పుడప్పుడూ ముందుకొచ్చే వేదికలు, సమితులు, చిన్న పార్టీల డిమాండ్లను అర్థం చేసుకోవడానికి ఆ పెద్దాయన ప్రశ్నే సరైన దారి అనిపిస్తుంది. "మా ప్రాంతానికి మా పాలన కావాలి" అన్న మాట వినగానే మనలో చాలామందికి ప్రత్యేక రాష్ట్రమే గుర్తొస్తుంది. తెలంగాణ ఉద్యమం చూసిన తరం మనది, అలా అనిపించడం సహజం. కానీ ప్రత్యేక రాష్ట్రానికీ ఇప్పుడున్న పరిస్థితికీ మధ్య చాలా మెట్లున్నాయి. ఎవరు ఏ మెట్టు గురించి మాట్లాడుతున్నారో తెలియకపోతే చర్చ అంతా గందరగోళమే.

ఆ గందరగోళానికి సగం కారణం "వికేంద్రీకరణ" అన్న ఒక్క మాటే. దాన్ని మనవాళ్లు మూడు అర్థాల్లో వాడుతున్నారు. కార్యాలయాలను, కోర్టులను, సచివాలయాన్ని వేర్వేరు ఊళ్లలో పెట్టడం పాలనా వికేంద్రీకరణ. పోర్టు, ఎయిర్‌పోర్టు, యూనివర్సిటీ, ఫ్యాక్టరీ వంటివి వెనకబడిన జిల్లాలకు తేవడం అభివృద్ధి వికేంద్రీకరణ. నిర్ణయం తీసుకునే హక్కును, దానికి కావలసిన డబ్బును, పనిచేసే సిబ్బందిని కింది స్థాయిలో జనం ఎన్నుకున్న సభకు అప్పగించడం అధికార వికేంద్రీకరణ. మొదటి రెండూ మనకు ఎంతో కొంత వచ్చాయి. మూడోది రాలేదు. ప్రాంతీయ స్వపరిపాలన అడిగే పార్టీ నిజంగా అడగాల్సింది ఆ మూడోదే.

శ్రీకాకుళం జిల్లా చరిత్ర చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి, ఇచ్ఛాపురం నుంచి కిందున్న తాలూకాలు ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. జిల్లా మరీ పెద్దదైపోయిందని 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా చేశారు. 1979 జూన్ 1న ఈ రెండు జిల్లాల నుంచి భాగాలు తీసి విజయనగరం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. ప్రతిసారీ కలెక్టరాఫీసు జనానికి కాస్త దగ్గరైంది, అది మంచిదే. సీతంపేట మనిషికి శ్రీకాకుళం కంటే పార్వతీపురం దగ్గర. కానీ కలెక్టర్ని నియమించేది ప్రభుత్వం. ఆయన జవాబు చెప్పుకునేది రాజధానికి. పనిచేసే చోటు మారింది, ఆ పనిమీద మాట చెల్లేచోటు మారలేదు.

2020లో రాష్ట్రం చేసిన చట్టం పేరులోనే వికేంద్రీకరణ ఉంది. మూడు రాజధానుల చట్టంగా అందరికీ గుర్తుండేది అదే. అందులో విశాఖ సచివాలయం మీద జరిగినంత గొడవ మరో భాగం మీద జరగలేదు. ఆ చట్టం రాష్ట్రాన్ని జోన్లుగా చేసి, జోనుకో ప్రణాళికా అభివృద్ధి బోర్డు పెట్టాలంది. ప్రాంతీయ పాలన కావాలనేవాళ్లు చదవాల్సింది ఆ భాగం. ఆ బోర్డుకంటూ వేరే ఎన్నిక లేదు, పన్ను వేసే హక్కు లేదు. సభ్యులెవరో నిర్ణయించేది ప్రభుత్వమే. 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఆ బోర్డులు ఎలా పనిచేసేవో చూసే అవకాశం రాలేదు. సచివాలయం విశాఖకు వచ్చి ఉంటే ఇచ్ఛాపురం మనిషికి ప్రయాణం తగ్గేది, నిజమే. సుమారు 600 కిలోమీటర్లు పోవాల్సినవాడు 250 లోపు పోతే చాలు. కానీ మా ఊరి మదుం ఫైలు మీద సంతకం పెట్టే మనిషి మాత్రం మారేవాడు కాదు.

ఆంధ్రప్రదేశ్‌కు ఇవి కొత్త ప్రయోగాలేమీ కావు. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ప్రాంతీయ మండలి కావాలన్నారు. రాజ్యాంగంలోని 371వ అధికరణ కింద అది శాసనసభలోని ప్రాంతీయ సంఘంగా తేలింది. ఆ ప్రాంత ఎమ్మెల్యేలే సభ్యులు. కొన్ని అంశాల మీద ప్రభుత్వం దాని సలహా తీసుకోవాలి. సొంత ఖజానా, సొంత ఉద్యోగులు దానికి లేరు. తెలంగాణ మిగులు నిధులు ఎంత, ఎక్కడ ఖర్చయ్యాయి అన్న తగువు ఏళ్ల తరబడి సాగడానికి ఇదే మూలం. లెక్క రాసేది ఒకరు, లెక్క అడిగేది ఇంకొకరు. 1969లో తెలంగాణ, 1972లో జై ఆంధ్ర ఉద్యమాలు వచ్చాక 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం ప్రకటించారు. దాంతో ప్రాంతీయ సంఘం రద్దయింది. దాని స్థానంలో రాష్ట్ర స్థాయి ప్రణాళికా మండలి, వెనుకబడిన ప్రాంతాలకు ఉపసంఘాలు అన్నారు. 371డి అధికరణ వచ్చింది, 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో శ్రీకాకుళం, విశాఖపట్నం మొదటి జోన్ అయ్యాయి. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు దక్కిన రక్షణ విలువైనదే, మా తరంలో ఎందరో దానివల్లే టీచర్లయ్యారు. అయితే నిర్ణయాధికారం అడిగిన చోట ఉద్యోగాల కోటా ఇచ్చి సర్దిచెప్పారన్నది నా అభిప్రాయం. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు.

2014 విభజన చట్టంలోని 46వ సెక్షన్ రాయలసీమకు, ఉత్తర కోస్తాకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ ప్రస్తావించింది. ఆచరణలో అది ఏడు జిల్లాలకు జిల్లాకు ఏటా 50 కోట్లుగా మారింది. 2011 లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు. అంటే మనిషికి ఏడాదికి సుమారు 185 రూపాయలు. మూడేళ్లలో మొత్తం 1,050 కోట్లు వచ్చాయి. 2018లో మరో 350 కోట్లు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. ఆ డబ్బు రావాలని పార్టీలన్నీ కేకలేశాయి, వేయాల్సిందే. కానీ వచ్చిన డబ్బు ఏ రోడ్డుకు, ఏ చెరువుకు పెట్టాలో నిర్ణయించింది ఎవరు? జిల్లా ప్రజలు ఎన్నుకున్న ఏ సభకూ ఆ హక్కు లేదు. ప్యాకేజీ పైనుంచి వస్తుంది, పైనుంచే ఆగిపోతుంది.

"జిల్లా పరిషత్తు ఉంది కదా, పంచాయతీ ఉంది కదా, మధ్యలో ఇంకో సభ ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. రాజస్థాన్ తర్వాత పంచాయతీరాజ్ పెట్టిన రెండో రాష్ట్రం మనదే, 1959లో. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. దానితో వచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. చిన్న నీటిపారుదల, తాగునీరు, రోడ్లు, ప్రాథమిక ఆరోగ్యం అన్నీ అందులోనే. మా మదుం కూడా అందులోకే వస్తుంది. అయితే ఆ అధికారాలు రాష్ట్రం "ఇవ్వవచ్చు" అని రాజ్యాంగం అంది, "ఇవ్వాలి" అని అనలేదు. ఆ ఒక్క మాట దగ్గరే మన సర్పంచులు ముప్పై ఏళ్లకు పైగా ఆగిపోయి ఉన్నారు. చివరికి పంచాయతీ ఖాతాల్లో పడ్డ ఆర్థిక సంఘం నిధులను కూడా కరెంటు బకాయిలకు సర్దేస్తే సర్పంచులు రోడ్డెక్కాల్సి వచ్చింది. 1997లో రైతుల నీటి సంఘాల చట్టం చేసినప్పుడు దేశమంతా మనవైపు చూసింది. తర్వాత ఏళ్లకేళ్లు ఎన్నికలు లేకుండానే గడిచాయి.

ఇదే చట్రంలో కేరళ ఏం చేసిందో చూస్తే తేడా తెలుస్తుంది. 1996లో అక్కడ ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించారు. ఏ పంచాయతీకి ఎంతో బడ్జెట్ పుస్తకానికే అనుబంధంగా అచ్చు వేస్తారు. వార్డు మెంబరు ఆ పుస్తకం తెరిచి తన ఊరి పేరు పక్కన అంకె చూపించగలడు. అధికారం వచ్చిందనడానికి నేను నమ్మే సాక్ష్యం అలాంటిదే: అచ్చులో ఊరి పేరు, దాని పక్కన అంకె.

మరి జిల్లాల పైన, రాష్ట్రం కింద, ఉత్తరాంధ్ర మొత్తానికి ఒక సభ రావాలంటే రాజ్యాంగం ఒప్పుకుంటుందా? ఇక్కడ మూడు నాలుగు నమూనాలు కలగాపులగం చేసి మాట్లాడుతుంటారు.

"ఆరో షెడ్యూలు కావాలి" అని కొందరు అంటారు. అది అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలలోని గిరిజన ప్రాంతాలకు ఉద్దేశించింది. అక్కడి స్వయంప్రతిపత్తి మండళ్లు భూమి, ఆచారాలు వంటి విషయాల్లో చట్టాలు కూడా చేస్తాయి. మన మన్యం ఐదో షెడ్యూలు కిందిది. అక్కడ గవర్నరు, గిరిజన సలహా మండలి, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం కింద గ్రామసభ ఉన్నాయి. మొత్తం ఉత్తరాంధ్రకు ఆరో షెడ్యూలు రాదు. అది తెస్తామని ఎవరైనా చెబితే షెడ్యూలు తీసి చూపించమనండి. ఒక రాష్ట్రంలోనే ఇంకో స్వయంపాలిత రాష్ట్రం అన్న ఏర్పాటు కూడా రాజ్యాంగంలో ఉంది. 1970లో అస్సాంలో అంతర్భాగంగా మేఘాలయ ఏర్పడింది అలాగే, 1972లో పూర్తి రాష్ట్రమైంది. అదీ అస్సాంకు మాత్రమే పరిమితం.

371(2) కింద మహారాష్ట్రలో విదర్భ, మరాఠ్వాడా, మిగతా మహారాష్ట్రలకు అభివృద్ధి మండళ్లు 1994లో వచ్చాయి. నిధులు సమానంగా పంచేలా చూసే బాధ్యత గవర్నరుది. ఎన్నిక లేదు, పైగా వాటి గడువు 2020 ఏప్రిల్‌తో ముగిసింది. కర్ణాటకలో బీదర్, కలబురగి వైపు జిల్లాలకు 2012 నాటి 98వ సవరణతో 371జె వచ్చింది. ఉద్యోగాల్లో, సీట్లలో రిజర్వేషన్, ఒక అభివృద్ధి మండలి, దానికి ఏటా రాష్ట్ర నిధులు. మన పెద్ద పార్టీల నాయకులు "ఉత్తరాంధ్ర అభివృద్ధి మండలి" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది ఇలాంటిదే. డబ్బు వస్తుంది, కాదనను. కానీ ఛైర్మన్ పదవి అసంతృప్త నాయకుడికి ఇచ్చే కుర్చీగా మారిపోతుందన్న భయం నాకుంది.

మనకు దగ్గరగా సరిపోలేది డార్జిలింగ్. గూర్ఖాలాండ్ రాష్ట్రం కోసం పోరాడిన పార్టీలు 1988లో పర్వత మండలికి, 2011 ఒప్పందంతో గూర్ఖాలాండ్ ప్రాదేశిక పరిపాలనా మండలికి ఒప్పుకున్నాయి. ఇది రాష్ట్ర చట్టంతో వచ్చింది. సభ్యుల్ని జనమే ఎన్నుకుంటారు. శాఖలు అప్పగించారు. చట్టాలు చేసే హక్కు మాత్రం లేదు. అంటే రాజ్యాంగ సవరణ అవసరం లేకుండానే, అసెంబ్లీ తలచుకుంటే ఒక ప్రాంతానికి ఎన్నికైన మండలి ఇవ్వవచ్చు. నిరాశపరిచే విషయాలు కూడా ఇక్కడే ఉన్నాయి. 2012లో ఎన్నికైన మండలి గడువు ముగిసిన చాలా కాలానికి, 2022లో గానీ మళ్లీ ఎన్నికలు జరగలేదు. మధ్యలో అధికారులు, నియమితులే నడిపారు. ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే ఆ కొండల్లో రెండు దశాబ్దాలకు పైగా పంచాయతీ ఎన్నికలు లేవు, 2023లో జరిగాయి. పై సభ కోసం గొడవపడుతూ కింది సభను మరిచిపోయారు.

బయటి దేశం ముచ్చట ఒకటి చెబుతాను. ఇంగ్లండ్ నైరుతి మూలన కార్న్‌వాల్ ఉంది. సముద్రం, చేపలు, మూతపడిన గనులు, పని కోసం వలసలు, సొంత భాష, యాస. 1951లో అక్కడ మెబియన్ కెర్నో అనే సంస్థ పుట్టింది, పేరుకు అర్థం కార్న్‌వాల్ బిడ్డలు. తర్వాత పార్టీగా మారింది. విడిపోతాం అనలేదు, మాకు ఒక శాసనసభ ఇవ్వండి అంది. ఇప్పటిదాకా ఒక్క ఎంపీని కూడా గెలిపించుకోలేదు, స్థానిక కౌన్సిళ్లలో మాత్రం సభ్యులున్నారు. 2001లో సొంత శాసనసభ కోరుతూ 50 వేల సంతకాలు ప్రభుత్వానికి చేరాయి. దాదాపు ఐదు లక్షల జనాభాలో అది పదోవంతు. సభ రాలేదు. 2015లో "అధికార బదిలీ ఒప్పందం" పేరుతో బస్సుల నిర్వహణ వంటి కొన్ని బాధ్యతలు కౌన్సిల్‌కు ఇచ్చారు. చూడండి, అక్కడ కూడా అదే తంతు: అడిగింది ఒకటి, అదే పేరు పెట్టి ఇచ్చింది ఇంకొకటి.

ఒక చిన్న పార్టీ ఎందుకు చిన్నదిగానే ఉండిపోతుందో కూడా అంకెల్లోనే ఉంది. నమోదు తేలిక. నూరు మంది సభ్యులతో ఎన్నికల సంఘానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గుర్తింపు కష్టం. అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రమంతటా పోలైన ఓట్లలో 6 శాతం, దానితోపాటు రెండు సీట్లు అన్నది గుర్తింపుకు ఒక దారి. పాత మూడు జిల్లాల్లో ఉన్నవి 175లో 34 స్థానాలు. ఓట్లు సీట్లకు తగ్గట్టే ఉన్నాయనుకుంటే, ఇక్కడ మాత్రమే పోటీ చేసే పార్టీ ఇక్కడి ఓట్లలో దాదాపు 31 శాతం తెచ్చుకుంటే గానీ రాష్ట్రంలో 6 శాతం కాదు. అంటే ప్రాంతంలో ఇంచుమించు పెద్ద పార్టీ అయ్యాకే రాష్ట్రంలో చిన్న పార్టీగా గుర్తింపు. అప్పటిదాకా ప్రతి ఎన్నికకూ గుర్తు కోసం వెతుకులాటే. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. ఈ టెన్షన్ చాలక, కాస్త బలం రాగానే పెద్ద పార్టీ పిలుస్తుంది. 1971లో తెలంగాణ ప్రజా సమితి ఏకంగా పది లోక్‌సభ స్థానాలు గెలిచి, కొద్ది కాలానికే కాంగ్రెస్‌లో కలిసిపోయింది.

అలాగని చిన్న పార్టీ పని వృథా అనుకోకూడదు. ఉత్తరాఖండ్ క్రాంతి దళ్ 1979లో పుట్టింది. పర్వత రాష్ట్రం అన్న మాటను ఇరవై ఏళ్లు మోసింది. 2000లో రాష్ట్రం వచ్చింది. 2002 మొదటి ఎన్నికల్లో ఆ పార్టీకి 70లో నాలుగు సీట్లే దక్కాయి. డిమాండ్ గెలిచింది, పార్టీ గెలవలేదు. సీట్లతో మాత్రమే కొలిచేవాళ్లు ఆ పార్టీని ఓడిపోయిందంటారు. నేను అలా అనలేను.

ఇక మన ఇంటి సమస్య. 2011 జనాభా లెక్కల్లో మూడు జిల్లాలు కలిపి 93 లక్షల మందిమి, అందులో విశాఖ జిల్లావాళ్లే 43 లక్షలు. 34 అసెంబ్లీ స్థానాల్లో 15 అక్కడివే. జనాభా ప్రకారం మండలి పెడితే సగానికి కాస్త తక్కువ సీట్లు విశాఖ వైపే పోతాయి, డబ్బున్న నగరం కాబట్టి మాట బలం ఇంకా ఎక్కువ. అదే లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతం లోపు, నవ్యాంధ్ర పదమూడు జిల్లాల్లో అట్టడుగు. ఉద్దానం కిడ్నీ రోగులు దశాబ్దాల పాటు విశాఖకు బస్సులెక్కి తిరిగాకే 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి తెరుచుకుంది. అమరావతి దూరమని ఏడ్చి, రేపు విశాఖ దూరమని ఏడవాల్సి రాకూడదు. అందుకే ఉత్తరాంధ్ర మండలి అడిగేవాళ్లు దాని లోపలి లెక్క కూడా ముందే చెప్పాలి. జిల్లాకు ఇంత అని కనీస సీట్లు, వెనకబాటును బట్టి నిధుల వాటా, మన్యంలో గ్రామసభ మాటను మండలి కాదనకుండా ఒక నిబంధన ఉండాలి.

మండలితో కానివి కూడా నిజాయితీగా చెప్పాలి. వంశధార మీద నేరడి బ్యారేజీ ఒడిశాతో ముడిపడింది. 2017లో ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చినా అది రాష్ట్రాల మధ్య తేలాల్సిన సంగతి. రైల్వే జోను ఢిల్లీది. మూలపేట పోర్టు, భోగాపురం ఎయిర్‌పోర్టు రాష్ట్ర స్థాయి పనులు. మండలి చేతికి రావాల్సినవి చెరువులు, లింకు రోడ్లు, తాగునీటి పథకాల నిర్వహణ, పీహెచ్‌సీలు, హాస్టళ్లు, మత్స్యకారుల జెట్టీలు. గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు పోయే మన తీరం కుర్రాళ్లకు ఊరి దగ్గర జెట్టీ ఎంత అవసరమో రాజధానిలో కూర్చున్నవాళ్లకు చెప్పి ఒప్పించాల్సి వస్తోంది.

కాబట్టి ఎవరైనా కరపత్రం పట్టుకుని వస్తే నేను చూసేవి ఇవి: సభ్యుల్ని ఎవరు ఎన్నుకుంటారు? గడువు దాటితే ఎన్ని నెలల్లో ఎన్నిక జరగాలని చట్టంలో రాస్తారు? రాష్ట్ర బడ్జెట్లో ఎంత శాతం అడగకుండానే మండలి ఖాతాలో పడుతుంది? ఏఈ, డీఈల బదిలీ, పనితీరు నివేదిక ఎవరి చేతిలో ఉంటాయి? ఈ చివరిది చాలామంది అడగరు. ఉద్యోగి ప్రమోషన్ అమరావతిలో ఉన్నంతకాలం అతని చూపు అటే ఉంటుంది, అతన్ని తప్పుపట్టలేం.

సభ ఎక్కడ కూర్చోవాలన్నది కూడా చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. నన్నడిగితే విజయనగరం. అటు శ్రీకాకుళం, ఇటు విశాఖ రెండూ గంటన్నర, రెండు గంటల దారి, పార్వతీపురం రైలు కూడా అక్కడే ఆగుతుంది. ఏడాదికి రెండు సమావేశాలు పలాసలో, సీతంపేటలో పెట్టాలి. మా చెరువు కింది పెద్దాయన పొద్దున్నే బస్సెక్కి, ఎస్టిమేట్ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లి, అది ఎవరి దగ్గర ఆగిందో సభ్యుడి ముఖం మీదే అడిగి, చీకటి పడేలోగా ఇంటికి చేరగలగాలి.